5.10 పెద్దదా, 5.9 పెద్దదా?

లైనక్స్ అడ్మిన్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ గురించి దాదాపు ప్రతిచోటా అడిగే ప్రశ్న ఒకటుంది: "కెర్నెల్ వెర్షన్ ఎలా చూస్తావ్?" అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లకైనా, కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లకైనా జవాబు నోటి మీదే ఉంటుంది: యూనేమ్ మైనస్ ఆర్, నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చూపించే కమాండ్. అడిగినవాళ్లు తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు మాత్రం అక్కడ ఆగుతాను. "సరే, ఒక మెషీన్ 5.9 అంది, ఇంకోటి 5.10 అంది. ఏది కొత్తదో నువ్వు కాదు, నీ స్క్రిప్టుతో చెప్పించు" అంటాను. నోటితో అందరూ సరిగ్గానే చెబుతారు. స్క్రిప్టు దగ్గరికి వచ్చేసరికి చాలామంది తడబడతారు. తెలివి తక్కువై కాదు. ఈ విషయాన్ని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అంతే.

నా వాదన ముందే చెప్పేస్తాను. కెర్నెల్ వెర్షన్లను పోల్చే కోడ్‌ను ఎవరికి వారు సొంతంగా రాసుకోకూడదు. ఆ కెర్నెల్‌ను ప్యాకేజీ చేసినవాళ్లే పోలికకు ఒక కమాండ్ ఇచ్చి ఉంటారు, దాన్నే వాడాలి. ఇక "ఈ మెషీన్‌లో ఫలానా లోపం సరిచేశారా, ఫలానా సౌకర్యం ఉందా" అన్నది మన ప్రశ్న అయితే, అసలు వెర్షన్లను పోల్చనే కూడదు. సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నవాడిగా ఈ రెండు మాటలూ గట్టిగా నమ్ముతాను.

మొదట తేలిక విషయం. లైనక్స్ 5.9 కెర్నెల్ 2020 అక్టోబరులో వచ్చింది, 5.10 అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. కాబట్టి 5.10 కొత్తది. స్క్రిప్టుల్లో లెక్కలకు వాడే ఆక్, బీసీ అనే కమాండ్లకు ఇస్తే వాటికి ఇవి దశాంశాలు. 5.10 అంటే 5.1 అన్నమాట, అది 5.9 కన్నా చిన్నది. అంతకన్నా ఘోరం, ఆ లెక్కన 5.1, 5.10 రెండూ సమానం. 5.1 వచ్చింది 2019 మేలో. మధ్యలో ఏడాదిన్నర పని, వేలమంది రాసిన కోడ్ ఉన్నాయి. ఆక్ దృష్టిలో అదంతా సున్నా.

కమాండ్లు నడిపే షెల్ అయిన బాష్‌లో ఇంకో రకం ఇబ్బంది. అంకెల పోలికకు వాడే మైనస్ జీటీతో పోలిస్తే "పూర్ణాంకం ఇవ్వు" అని ఎర్రర్ కొడుతుంది. అది మంచిదే, కనీసం నోరు తెరిచి చెప్పింది. రెండు స్క్వేర్ బ్రాకెట్లలో లెస్ దేన్ గుర్తు పెడితే అక్షరాల వరుసలో పోలుస్తుంది. ఒకటి తొమ్మిదికన్నా ముందు వస్తుంది కాబట్టి 5.10 పాతదని తేలుస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం ఒకే స్క్వేర్ బ్రాకెట్‌తో రాసినప్పుడు. అక్కడ గ్రేటర్ దేన్ గుర్తు పోలిక గుర్తే కాదు, అవుట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లించే గుర్తు. "5.10 గ్రేటర్ దేన్ 5.9" అని రాస్తే షెల్ ఏం చేస్తుందంటే, 5.9 అనే పేరుతో ఒక ఖాళీ ఫైలు సృష్టించి, "అవును, నిజమే" అని జవాబిస్తుంది. ఏ రెండు వెర్షన్లు ఇచ్చినా అదే జవాబు. పాత సర్వర్లలో రూట్ (అడ్మిన్ యూజర్) హోమ్ ఫోల్డర్ చూస్తుంటే ఒక్కోసారి సున్నా బైట్లతో 4.18 అనో, 3.10 అనో పేరున్న ఫైలు కనిపిస్తుంది. దాన్ని చూడగానే ఆ మెషీన్ మీద ఎప్పుడో, ఏదో స్క్రిప్టు, ఏదో కెర్నెల్‌ను "కొత్తదే" అని పాస్ చేసేసిందని అర్థం.

వెర్షన్ అంకెలా కనిపిస్తుంది గానీ అంకె కాదు. హైదరాబాద్ పాత ఇంటి నంబర్లు గుర్తు తెచ్చుకోండి. 3-6-91 దాటాకే 3-6-101 వస్తుందని పోస్ట్‌మ్యాన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదట వార్డు, తర్వాత బ్లాకు, ఆ తర్వాత ఇల్లు, ఒక్కో ముక్కా విడిగా ఒక లెక్క. కెర్నెల్ వెర్షన్ కూడా అచ్చం అంతే. ముక్కలుగా విడగొట్టి, ఎడమ నుంచి కుడికి, ఒక్కో ముక్కనూ పూర్ణాంకంగా చూడాలి.

ఇది తెలిసినవాళ్లు సార్ట్ కమాండ్‌కి చుక్క దగ్గర విడగొట్టమని చెప్పి, మొదటి మూడు ముక్కలనూ అంకెలుగా వరుస పెట్టమంటారు. చూడ్డానికి సరిగ్గానే పనిచేస్తుంది, నెలల తరబడి పనిచేస్తుంది కూడా. ఎక్కడ దెబ్బతింటుందో దగ్గర నుంచి చూద్దాం.

ఉబుంటు 22.04 మెషీన్ ఒకటి తీసుకోండి. దాని యూనేమ్ 5.15.0-91-జెనెరిక్ అని చెబుతుంది. హైఫన్ తర్వాతి 91 ఉబుంటు వాళ్లు పెట్టుకున్న నంబరు. ప్రతి అప్‌డేట్‌కీ మారేది అదే. చుక్కలతో విడగొడితే మూడో ముక్క "0-91-జెనెరిక్" అవుతుంది. అంకెగా చదివితే సార్ట్‌కి అందులో సున్నా మాత్రమే కనిపిస్తుంది. అన్ని కెర్నెళ్లకూ మూడు ముక్కలూ సమానమే కాబట్టి, చివరికి సార్ట్ మొత్తం లైనును అక్షరాల వరుసలో పోల్చి తేలుస్తుంది. 91, 94, 97 ఉన్నంతకాలం అదృష్టం కొద్దీ సరిపోతుంది. నంబరు వంద దాటిన రోజున బూట్ ఫోల్డర్‌లోని కెర్నెళ్ల వరుస ఇలా అవుతుంది:

5.15.0-101
5.15.0-105
5.15.0-91
5.15.0-94

ఇప్పుడు బూట్ పార్టిషన్ శుభ్రం చేసే స్క్రిప్టును ఊహించండి. చాలా కంపెనీల్లో ఇలాంటిది ఒకటి ఉంటుంది. బూట్ పార్టిషన్‌ను విడిగా చిన్నదిగా ఇచ్చి ఉంటారు, పాత కెర్నెళ్లు పేరుకుపోయి "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని అప్‌డేట్ ఆగిపోతుంది. అర్ధరాత్రి కాల్ వస్తుంది. అది పడలేక ఎవరో "చివరి రెండూ ఉంచు, మిగతావి పర్జ్ చెయ్" అని నాలుగు లైన్లు రాసి, వేళకు తనంతట తనే నడిచేలా క్రాన్‌లో పెడతారు. మెషీన్ ఇంకా 94 మీద నడుస్తోంది, 101, 105 ఇన్‌స్టాల్ అయి రీబూట్ కోసం ఎదురుచూస్తున్నాయి. స్క్రిప్టు వచ్చి చివరి రెండూ, అంటే 91, 94 ఉంచి, కొత్తవి రెండూ తీసేస్తుంది. శనివారం రాత్రి రీబూట్ అవుతుంది, మెషీన్ చక్కగా పైకి లేస్తుంది, మళ్లీ 94 మీదే. మానిటరింగ్‌లో అంతా పచ్చగా ఉంటుంది. ప్యాచింగ్ రిపోర్టులో ఆ సర్వర్ "పూర్తయింది" జాబితాలోనే ఉంటుంది, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసిన రోజు అది నిజంగానే విజయవంతమైంది.

కథ ఇంతటితో అయిపోలేదు. ఉబుంటులో లైనక్స్-ఇమేజ్-జెనెరిక్ అనే మెటా ప్యాకేజీ ఉంటుంది. తాజా కెర్నెల్ ఏదో దాన్ని లాక్కొచ్చే బాధ్యత దానిది. అది అన్నిటికన్నా కొత్త కెర్నెల్ ప్యాకేజీ మీద ఆధారపడి ఉంటుంది. కొత్తదాన్ని పర్జ్ చేస్తే దానితోపాటు ఈ మెటా ప్యాకేజీ కూడా పోతుంది. అప్పటి నుంచి ఆ మెషీన్‌కి, అప్‌డేట్లు తెచ్చే ఆప్ట్ అప్‌గ్రేడ్ కమాండ్ కొత్త కెర్నెల్ తీసుకురాదు. ఎర్రర్ కూడా రాదు. నెలలు గడిచాక ఏ ఆడిట్‌లోనో బయటపడుతుంది. ఒక్క సార్ట్ ఆప్షన్ తేడా వల్ల ఒక సర్వర్ సెక్యూరిటీ అప్‌డేట్ల నుంచి తప్పిపోయింది. నేను ఈ విషయం మీద ఇంత పట్టుబట్టేది ఇందుకే. పోలిక తప్పితే ఏదీ పేలిపోదు, ఎవరికీ మెయిల్ రాదు, తప్పు అలాగే కొనసాగుతుంది.

దీనికి అందరూ చెప్పే మందు సార్ట్ మైనస్ క్యాపిటల్ వీ. వెర్షన్ సార్ట్ అన్నమాట. జీఎన్‌యూ కోర్‌యుటిల్స్ 7.0లో, 2008లో వచ్చింది. డెబియన్ (ఉబుంటుకు మూలమైన లైనక్స్) వాళ్ల పోలిక పద్ధతికి చాలా దగ్గరగా పనిచేస్తుంది: లైనులో అంకెలు కానివి ఒక ముక్క, అంకెలు ఒక ముక్క, మళ్లీ అంకెలు కానివి, ఇలా విడగొట్టుకుంటూ పోతుంది. పై నాలుగు కెర్నెళ్లనూ దానికిస్తే 91, 94, 101, 105 అని సరైన వరుసలో పెడుతుంది. రెండు వెర్షన్లను పోల్చాలన్నా ఇదే చాలు: రెండిటినీ రెండు లైన్లుగా పంపి, వరుస ముందే సరిగ్గా ఉందో లేదో చూసే క్యాపిటల్ సీ ఆప్షన్ కలిపితే, జవాబు ఎగ్జిట్ కోడ్‌గా, అంటే కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబరుగా వస్తుంది. సమానమైనవి కూడా "వరుస సరే" కిందికే వస్తాయని గుర్తుంచుకుంటే చాలు.

ఇక్కడితో ఆపేసే ట్యుటోరియల్స్ చాలా ఉన్నాయి. నాకు అవి నచ్చవు, ఎందుకంటే కెర్నెల్ విషయంలో ఈ మందు సగమే పనిచేస్తుంది. కెర్నెల్ ప్రపంచంలో ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్) విడుదలలు ఉంటాయి. 6.8 వచ్చేముందు ఆర్‌సీ1, ఆర్‌సీ2 అంటూ వారానికొకటి చొప్పున పరీక్ష కోసం వదులుతారు. అలాంటి కెర్నెల్ నడుస్తున్న మెషీన్‌లో యూనేమ్ 6.8.0-ఆర్‌సీ7 అని చూపిస్తుంది. అది 6.8.0 కన్నా పాతది. సార్ట్‌కి ఆ సంగతి తెలియదు. 6.8.0 తర్వాత ఇంకా ఏదో అదనంగా ఉంది కాబట్టి అదే కొత్తదనుకుంటుంది. 6.8.0-31 పక్కన పెట్టినా ఆర్‌సీ7నే చివర నిలబెడుతుంది, ఎందుకంటే దాని లెక్కలో హైఫన్ తర్వాత అక్షరం ఉన్నది అంకె ఉన్నదాని తర్వాతే వస్తుంది. డెబియన్ ప్యాకేజీల వెర్షన్లు పోల్చే డీపీకేజీ కంపేర్-వెర్షన్స్‌కి ఇదే జతను ఇచ్చినా ఫలితం ఇంతే.

డెబియన్ వాళ్లు దీనికోసమే టిల్డా గుర్తును పెట్టుకున్నారు. వాళ్ల పద్ధతిలో టిల్డా అన్నిటికన్నా చిన్నది, అసలు ఏమీ లేకపోవడం కన్నా కూడా చిన్నది. కాబట్టి ప్యాకేజీ పేరులో 6.8~ఆర్‌సీ7 అని రాస్తే అది 6.8 కన్నా ముందు వస్తుంది. రెడ్ హ్యాట్, ఫెడోరా వాడే ప్యాకేజీ పద్ధతి ఆర్‌పీఎం కూడా తర్వాత దీన్ని తీసుకుంది. ఫెడోరా వాళ్లు ఇంకో దారి పట్టారు. ఆర్‌సీ కెర్నెల్ ప్యాకేజీలో హైఫన్ తర్వాత సున్నాతో మొదలుపెట్టి 0.ఆర్‌సీ7 అని రాస్తారు, అసలు విడుదలకు పెద్ద నంబరు ఇస్తారు, దాంతో వరుస దానంతటదే కుదురుతుంది. అంటే ప్రతి డిస్ట్రో (ఉబుంటు, డెబియన్, ఫెడోరా లాంటి లైనక్స్ రకం) తన పేర్లను తన పోలిక పద్ధతికి తగ్గట్టు అమర్చుకుంటుంది. పేరూ, పోలికా జంటగా తయారవుతాయి. ఒకరి పేర్లను ఇంకొకరి పోలికతో కొలిస్తే తప్పు రావడం సహజం. సొంత కోడ్ రాయొద్దని నేను అనేది ఈ కారణంతోనే.

మెషీన్‌ను బూట్ చేసే గ్రబ్ ఏం చేస్తుందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. బూట్ మెనూ తయారుచేసేటప్పుడు ఏ కెర్నెల్‌ను పైన పెట్టాలో గ్రబ్ తేల్చుకోవాలి. దాని మేక్-కాన్ఫిగ్ లైబ్రరీలో ఒక సెడ్ (అక్షరాలు మార్చే కమాండ్) లైను ఉంది. ఆర్‌సీ, ప్రీ, టెస్ట్, గిట్, ఓల్డ్, ట్రంక్ అనే మాటల ముందు చుక్క గానీ, హైఫన్ గానీ, అండర్‌స్కోర్ గానీ ఉంటే దాన్ని టిల్డాగా మార్చేస్తుంది, ఆ తర్వాతే పోలుస్తుంది. ఒక్క లైనే, కానీ ఏళ్ల అనుభవం అందులో ఉంది. ఓల్డ్ అనే మాట ఎందుకు చేర్చారో ఆలోచించండి: సొంతంగా కెర్నెల్ కట్టుకుని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, అదే పేరుతో ముందున్నదాన్ని చివర డాట్ ఓల్డ్ తగిలించి పక్కన పెడతారు. అది మెనూలో పైకి ఎక్కకూడదు కదా. మనం ఆఫీసులో హడావుడిగా రాసే నాలుగు లైన్లలో ఇవన్నీ గుర్తుకొస్తాయా?

డెబియన్, ఉబుంటు వాడేవాళ్లకు ఇంకా మంచి సాధనం చేతిలోనే ఉంది. లైనక్స్-బేస్ అనే ప్యాకేజీతో లైనక్స్-వెర్షన్ అనే కమాండ్ వస్తుంది. కెర్నెల్ ప్యాకేజీలు దీని మీద ఆధారపడతాయి కాబట్టి మామూలుగా ప్రతి మెషీన్‌లోనూ ఉంటుంది. దీనికి మూడు పనులు వచ్చు. లిస్ట్ అంటే ఇన్‌స్టాల్ అయిన కెర్నెళ్లను చూపిస్తుంది, సార్ట్ అంటే వరుస పెడుతుంది, కంపేర్ అంటే రెండిటిని పోల్చి ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. మధ్యలో ఎల్‌టీ, ఎల్ఈ, ఈక్యూ, జీటీ లాంటి పోలిక మాట పెట్టాలి. ఆర్‌సీ, ట్రంక్ అనేవి ముందస్తు విడుదలలని దీనికి తెలుసు. కెర్నెల్ వెర్షన్ల కోసమే, కెర్నెల్ ప్యాకేజీలు చేసేవాళ్లే రాసిన కమాండ్ ఇది. ఇంత అందుబాటులో ఉన్నదాని గురించి క్లాసుల్లో ఎందుకు చెప్పరో నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రెడ్ హ్యాట్ వైపు ఆర్‌పీఎండెవ్-వెర్‌సీఎంపీ అనేది ఉంది, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఎగ్జిట్ కోడ్ సమానమైతే 0, మొదటిది కొత్తదైతే 11, రెండోది కొత్తదైతే 12. దీన్ని నేరుగా ఇఫ్‌లో పెట్టకూడదు, 11, 12 రెండూ షెల్ దృష్టిలో ఫెయిల్ కిందే లెక్క. కోడ్‌ను వేరియబుల్‌లోకి తీసుకుని చూడాలి. ఇంకో అలవాటు కూడా మానుకోవాలి: ఆర్‌పీఎం మైనస్ క్యూ కెర్నెల్‌కి డబుల్ హైఫన్ లాస్ట్ కలిపి, పైన వచ్చినదే తాజా కెర్నెల్ అనుకోవడం. అది ఇన్‌స్టాల్ చేసిన సమయాన్ని బట్టి వరుస పెడుతుంది. ఏదో డ్రైవర్ సమస్య వచ్చి నిన్న ఎవరైనా పాత కెర్నెల్ మళ్లీ వేస్తే అదే పైకి వస్తుంది. ఎల్ఎస్ మైనస్ టీ సంగతి కూడా ఇంతే.

పాత కెర్నెళ్లు తీసేసే పనికైతే సొంత స్క్రిప్టు అసలు అక్కర్లేదు. రెడ్ హ్యాట్ వైపు డీఎన్‌ఎఫ్ మామూలుగా మూడు కెర్నెళ్లు ఉంచి మిగతావి తనే తీసేస్తుంది, నడుస్తున్నదాన్ని ముట్టుకోదు. ఉబుంటు వైపు ఆప్ట్ ఆటోరిమూవ్ కూడా నడుస్తున్నదాన్నీ, కొత్తవాటినీ కాపాడుతుంది.

ఇంతవరకు చెప్పింది పోలిక సరిగ్గా చేయడం గురించి. ఇప్పుడు నా వాదనలో రెండో సగం, నాకు ఎక్కువ ముఖ్యమైనది. సరిగ్గా చేసిన పోలిక కూడా చాలాసార్లు తప్పు జవాబే ఇస్తుంది.

2022 మార్చిలో డర్టీ పైప్ అనే లోపం బయటపడింది. మామూలు యూజర్ కూడా, తనకు చదివే హక్కు మాత్రమే ఉన్న ఫైలులో రాయగలిగే లోపం అది. 5.8 కెర్నెల్‌తో వచ్చింది. 5.16.11, 5.15.25, 5.10.102 విడుదలల్లో సరిచేశారు. ఈ మూడు నంబర్లనూ కాసేపు నిదానంగా చూడండి. 5.10.102 భద్రం. దానికన్నా "పెద్ద" 5.15.24 ప్రమాదం. అప్పటికే మద్దతు ఆగిపోయిన 5.11, 5.12 శాఖలకు, అసలు కెర్నెల్ విడుదలయ్యే కెర్నెల్ డాట్ ఆర్గ్ సైటు నుంచి సవరణ రానే లేదు. "ఫలానా వెర్షన్ దాటితే భద్రం" అని ఒక గీత గీయడానికి వీల్లేదు. కెర్నెల్ వెర్షన్లు ఒకే వరుసలో ఉండవు. మధ్యమధ్యలో కొమ్మలు చీలి, ఒక్కో కొమ్మా విడిగా పెరుగుతుంది. సార్ట్ ఆ కొమ్మలన్నిటినీ తెచ్చి ఒకే గీత మీద పరుస్తుంది. వరుస సరిగ్గానే ఉంటుంది, మన ప్రశ్నకు మాత్రం ఆ వరుసలో జవాబు ఉండదు.

డిస్ట్రో కెర్నెళ్లలో ఇది ఇంకా ముదురుతుంది. 2016 అక్టోబరులో బయటపడిన డర్టీ కౌ సంగతి చూడండి. అసలు కెర్నెల్‌లో 4.8.3, 4.7.9, 4.4.26 లో సరిచేశారు. ఉబుంటు 16.04 లో అదే సవరణ 4.4.0-45 లో వచ్చింది. ఉబుంటు యూనేమ్‌లో మూడో ముక్క ఎప్పుడూ సున్నాయే. 4.4.26 తో పోలిస్తే 4.4.0-45 ఏ సాధనంలోనైనా చిన్నదే, కాబట్టి ప్యాచ్ వేసిన మెషీన్‌ను స్కానర్ "లోపం ఉంది" అని ఎర్రగా చూపిస్తుంది. ఇలాంటి రిపోర్టు పట్టుకుని సెక్యూరిటీ టీమ్‌కీ, సర్వర్ టీమ్‌కీ మధ్య నడిచే మెయిళ్లు ఎన్నో చూశాను. ఒకవైపు వాళ్లు "వెర్షన్ తక్కువ ఉంది కదా" అంటారు, ఇంకోవైపు "ప్యాచ్ వేశాం అన్నా, చూడండి" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే, ఇద్దరూ చూస్తున్న నంబర్లు వేరు.

రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 అయితే 2014 నుంచి 2024 వరకు పదేళ్లు 3.10.0 అనే ముందుభాగం మీదే నడిచింది. 3.10 అసలు విడుదల 2013 జూన్‌లో. మొదట్లో 3.10.0-123, చివరి 7.9 లో 3.10.0-1160. ఆ హైఫన్ తర్వాతి నంబరు పెరిగినకొద్దీ కొత్త కెర్నెళ్ల నుంచి తెచ్చి అతికించిన డ్రైవర్లు, సవరణలు, సౌకర్యాలు పోగుపడ్డాయి. 3.10 అని చూసి "పదేళ్ల పాతది" అనడం ఎంత తప్పో, 3.10 అనే చూసి "3.10 లో ఉన్నవే ఉంటాయి" అనుకోవడం అంతే తప్పు.

డెబియన్‌లో ఇంకో చిన్న సంగతి. డెబియన్ 12 లో యూనేమ్ మైనస్ ఆర్ 6.1.0-18-ఏఎండీ64 అంటుంది. చిన్న వీ పెట్టి అడిగితే అసలు ప్యాకేజీ వెర్షన్ 6.1.76-1 అని బయటపెడుతుంది. స్టేబుల్ సవరణలు ఎంతవరకు వచ్చాయో రెండోదే చెబుతుంది. ఉబుంటులో అయితే ప్రాక్ ఫోల్డర్‌లోని వెర్షన్-సిగ్నేచర్ ఫైలు చూడాలి. మెషీన్ ఆపకుండా లైవ్ ప్యాచింగ్ చేసేచోట అదీ చాలదు. నడుస్తున్న కెర్నెల్‌లో లోపం సరైపోయినా యూనేమ్ పాత పేరే చెబుతుంది. కేస్‌ప్లైస్ అనే లైవ్ ప్యాచింగ్ సాధనం వాడేవాళ్లకు అప్‌ట్రాక్-యూనేమ్ అని విడిగా ఒక కమాండ్ ఇచ్చింది అందుకే.

నంబరును నమ్ముకుని ప్రోగ్రాములు రాస్తే ఏమవుతుందో కెర్నెల్ చరిత్రే చెబుతుంది. 2011 జులైలో 2.6.39 తర్వాత 3.0 వచ్చింది. లోపల పెద్ద మార్పేమీ లేదు, నంబర్లు మరీ పెరిగిపోతున్నాయని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మార్చారు. దాంతో "2.6 తో మొదలైతేనే లైనక్స్" అని రాసుకున్న ప్రోగ్రాములు ఆగిపోయాయి. వాటిని బతికించడానికి కెర్నెల్‌లోనే యూనేమ్26 అనే ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. అది పెడితే 3.0 కెర్నెల్ తన పేరు 2.6.40 అని చెప్పుకుంటుంది. 4.0 వచ్చాక అది 2.6.60 అయింది. ఎవరో ఎప్పుడో రాసిన ఒక పోలిక కోసం కెర్నెల్ తన పేరే మార్చుకోవాల్సి వచ్చింది.

ఇంకోటి 2021 ఫిబ్రవరిలో. కెర్నెల్ లోపల సీ భాషలో వాడే వెర్షన్ కోడ్‌లో మూడో ముక్కకు ఎనిమిది బిట్లే కేటాయించారు, అంటే గరిష్ఠం 255. 4.4, 4.9 శాఖలు ఏళ్ల తరబడి సవరణలు అందుకుంటూ 256 కు చేరాయి. ఆ లెక్కలో 4.4.256, 4.5.0 ఒకే నంబరు. బయటి డ్రైవర్లు "4.5 దాటిందా" అని అడిగితే 4.4 శాఖ "దాటింది" అనేస్తుంది. చివరికి ఆ కోడ్‌లో మూడో ముక్కను 255 దగ్గరే ఆపేశారు. కెర్నెల్ రాసేవాళ్ల సొంత పోలికకే ఇలాంటి హద్దు తగిలిందంటే, మన స్క్రిప్టుల గురించి వేరే చెప్పాలా?

కంటైనర్లు వాడేవాళ్లను ఏడిపించిన కేసు ఇంకొకటుంది. సెంట్ ఓఎస్ 7 మెషీన్ మీద, అంటే 3.10 కెర్నెల్ మీద, అప్పటి కొత్త డిస్ట్రో కంటైనర్ పెట్టి క్యూట్ లైబ్రరీ వాడే ప్రోగ్రామ్ నడిపితే, లిబ్‌క్యూట్5కోర్ ఫైలు లేదని ఎర్రర్ వచ్చేది. ఎల్ఎస్ కొట్టి చూస్తే ఫైలు అక్కడే ఉంటుంది. పర్మిషన్లు సరిగ్గానే ఉంటాయి. ప్యాకేజీ తీసేసి మళ్లీ వేసినా అంతే. కారణం ఏమిటంటే ఆ ఫైలు లోపల ఒక చిన్న నోట్ ఉంటుంది: "కనీసం 3.17 కెర్నెల్ కావాలి" అని. లైబ్రరీ ఫైళ్లను ప్రోగ్రామ్‌కి అందించే అప్పటి లోడర్, యూనేమ్ చూసి, 3.10 తక్కువని, ఆ ఫైలును లెక్కలోకి తీసుకోదు. మనకు మాత్రం "దొరకలేదు" అని చెబుతుంది. స్ట్రిప్ కమాండ్‌తో ఆ నోట్ తీసేస్తే అదే ఫైలు, అదే కెర్నెల్ మీద లోడ్ అవుతుంది. ఎంతోమంది టైమ్ తిన్న సమస్య ఇది. వెర్షన్ పోలికను సామర్థ్యానికి కొలబద్దగా వాడితే వచ్చే అనర్థానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

మరి ఏం అడగాలి? లోపం గురించైతే డిస్ట్రోనే అడగాలి. రెడ్ హ్యాట్‌లో కెర్నెల్ ప్యాకేజీ చేంజ్‌లాగ్ తెరిచి సీవీఈ నంబరుతో (లోపానికి ఇచ్చే గుర్తింపు నంబరు) గ్రెప్ చేస్తే, అంటే వెతికితే, ఆ సవరణ ఉందో లేదో తెలుస్తుంది. ఉబుంటు, డెబియన్ తమ సెక్యూరిటీ పేజీల్లో ఏ ప్యాకేజీ వెర్షన్‌లో సరిచేశారో రాస్తాయి. అప్పుడు ఆ డిస్ట్రో వెర్షన్‌ను, ఆ డిస్ట్రో కమాండ్‌తో, అదే శాఖలో పోల్చాలి. అక్కడ పోలికకు అర్థం ఉంది. స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లాంటి ప్రాసెసర్ లోపాలకైతే ఇంకా సులువు. 2018 నుంచి కెర్నెల్ తనే సిస్ ఫోల్డర్ కింద సీపీయూ వల్నరబిలిటీస్ అనే చోట ఒక్కో లోపానికి ఒక్కో ఫైలు పెట్టి, ప్రభావం ఉందా, రక్షణ పెట్టారా అని రాస్తుంది. క్యాట్ చేస్తే చాలు. సౌకర్యం గురించైతే ఆ సౌకర్యాన్నే వాడి చూడాలి. బీటీఎఫ్ (కెర్నెల్ లోపలి డేటా రకాల వివరాలు) సమాచారం కావాలంటే సిస్ కెర్నెల్ బీటీఎఫ్ కింద వీఎమ్‌లైనక్స్ ఫైలు ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. బీపీఎఫ్ (కెర్నెల్ లోపల చిన్న ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు) సౌకర్యాలకు బీపీఎఫ్‌టూల్ ఫీచర్ ప్రోబ్ ఉంది. వీటిలో దేనికీ వెర్షన్ నంబరుతో పని లేదు.

దీనికి నా తోటివాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. "వేల సర్వర్లున్నచోట ఇవన్నీ ఎక్కడ చేస్తాం? వెర్షన్ పోలిక సెకన్లలో అయిపోతుంది, కనీసం మొదటి వడపోతకైనా పనికొస్తుంది కదా" అంటారు. ఇందులో నిజం ఉంది. ఒకే డిస్ట్రో, ఒకే శాఖ, లైవ్ ప్యాచింగ్ లేదు అనుకుంటే వెర్షన్ పోలిక మంచి వడపోతే. ఆ షరతులు ఎక్కడా రాసి పెట్టకపోవడమే నా ఫిర్యాదు. ఈ ఏడాది ఉబుంటు మెషీన్ల కోసం రాసిన స్క్రిప్టును వచ్చే ఏడాది ఎవరో రెడ్ హ్యాట్ మెషీన్ల మీద నడుపుతారు. అది ఎర్రర్ ఇవ్వదు, జవాబే ఇస్తుంది. పైగా వేల మెషీన్ల మీద చేంజ్‌లాగ్ గ్రెప్ చేయడం అన్నిటి మీదా ఒకేసారి కమాండ్లు నడిపే యాన్సిబుల్ ఉన్న కాలంలో అంత కష్టమేమీ కాదు. యూనేమ్ నడపడానికి పట్టే శ్రమే దీనికీ పడుతుంది.

మీ టీమ్ స్క్రిప్టులున్న రిపాజిటరీలో యూనేమ్ అనీ, వీఎమ్‌లైనజ్ (బూట్ ఫోల్డర్‌లో కెర్నెల్ ఫైలు పేరు) అనీ ఒకసారి గ్రెప్ చేయండి. దొరికిన ప్రతిచోటా పోలిక ఎలా రాశారో చూడండి. ఆ భాగానికి 5.15.0-91, 5.15.0-101 జతనూ, 5.9, 5.10 జతనూ, 6.8.0-ఆర్‌సీ7, 6.8.0 జతనూ ఇచ్చి నడపండి. మూడిట్లో రెండోదే కొత్తది అనాలి. ఆర్‌సీ కెర్నెళ్లు ఎప్పుడూ వాడని చోట మూడో జత ఫెయిలైనా పర్వాలేదు, ఆ సంగతి స్క్రిప్టు పైన కామెంట్‌గా రాసి పెట్టండి. మొదటి రెండిట్లో ఏది ఫెయిలైనా ఆ స్క్రిప్టును వచ్చే ప్యాచింగ్ రాత్రికి ముందే మార్చేయండి, అప్పటికే అది నడిచిన ఉబుంటు మెషీన్లలో మెటా ప్యాకేజీ ఇంకా ఉందో లేదో చూడండి.